మురుగు సొరంగానికి కళాయి

మొన్న ఒక పెళ్లిలో భోజనాల దగ్గర మా బాబాయి అడిగాడు: "మురుగు సొరంగం లోపల ఏదో స్ప్రే కొడతారటగా? పెయింటే కదరా, దానికి కోట్లెందుకు?" విస్తరి ముందు వాదన దేనికని అప్పుడు ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

పాత మురుగు సొరంగం కాంక్రీటు తినుకుపోకుండా లోపల కొట్టే ఆ పూత పెయింట్ కాదు బాబాయ్, కళాయి. వీధి అరుగు మీద కూర్చుని ఇత్తడి గిన్నెలకు వేసేవారే, అదే. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాస్తే ఏమవుతుందో నాయనమ్మని అడుగు. పులుపు ఇత్తడిని తినేస్తుంది, పులుసు చిలుమెక్కుతుంది. సొరంగంలోనూ పులుపే గొడవ. కాకపోతే అది సల్ఫ్యూరిక్ యాసిడ్.

అందరూ పొరబడేది ఇక్కడే. మురుగు తగిలే అడుగు కదా పాడవ్వాలి? అడుగు చాలాసార్లు బాగానే ఉంటుంది. కరిగిపోయేది పైకప్పు. నీళ్లలో మునిగిన గోడకు పట్టిన జిగట పొరలో, గాలి అందని చోట, ఒక రకం బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ తయారు చేస్తుంది. కుళ్లిన గుడ్డు కంపు అదే. ఆ గ్యాస్ పైకి లేచి చెమ్మగా ఉన్న కప్పును చేరుతుంది. అక్కడ ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని యాసిడ్‌గా మారుస్తుంది. ఈ రెండో రకాన్ని 1945లో ఆస్ట్రేలియాలో పార్కర్ అనే శాస్త్రవేత్త పట్టుకున్నాడు. అక్కడి పీహెచ్ 1 దాకా పడిపోగలదు, అంటే నిమ్మరసం కంటే పులుపు. గట్టి కాంక్రీటు కాస్తా జిప్సం అనే మెత్తటి సుద్దలాంటి ముద్దయి, గీకితే ఊడొస్తుంది.

నాకు భలే నచ్చిన సంగతి ఒకటి. లాస్ ఏంజెలెస్ కౌంటీలో ఫ్యాక్టరీలు మురుగులోకి వదిలే లోహాలకు కట్టడి పెట్టారు. మంచి పనే. కానీ ఆ తర్వాత కాంక్రీటు ఇంకా వేగంగా తినుకుపోవడం మొదలైంది. అన్నాళ్లూ ఆ లోహాల విషమే బ్యాక్టీరియాను అణచి ఉంచింది మరి!

"అయితే తవ్వి కొత్తది వేసేయొచ్చుగా" అంటాడు బాబాయి. 2016 డిసెంబర్ 24న అమెరికాలో, డెట్రాయిట్ దగ్గర ఫ్రేజర్ అనే ఊళ్లో 11 అడుగుల వ్యాసమున్న మురుగు సొరంగం కూలింది. దాదాపు 60 అడుగుల లోతున ఉంది అది. పైన రోడ్డు కుంగింది, ఇళ్లు ఖాళీ చేయించారు. బాగుచేయడానికి దాదాపు 7.5 కోట్ల డాలర్లు. అది యాసిడ్ వల్లే కూలిందని నేను అనట్లేదు. అంత లోతుకు తవ్వడమంటే ఏమిటో చెబుతున్నా.

మళ్లీ కళాయి దగ్గరికి రండి. కళాయివాడు తగరం ఎప్పుడు పూస్తాడు? ముందు గిన్నెను తళతళలాడేలా తోమి, కాల్చి, నవాసారం చల్లి, ఆ తర్వాత. జిడ్డు మీద తగరం నిలవదు. ఇక్కడా అంతే. హై ప్రెషర్ నీటి జెట్‌తో కుళ్లిన కాంక్రీటంతా లేపేసి, గట్టి కంకర బయటపడేదాకా వెళ్లాలి. ఊట వచ్చే పగుళ్లను గ్రౌట్, అంటే లోపలికి పారి గట్టిపడే పల్చటి ముద్ద, ఎక్కించి మూసేయాలి. నా లెక్కలో అసలు పని ఇదే. స్ప్రే తర్వాతి సంగతి. పూత ఊడిందంటే నేను మొదట అనుమానించేది పూత సరుకును కాదు, తోమడాన్ని.

ఇంకో మాట. గిన్నెకు చిల్లు పడితే కళాయి దాన్ని ఆపదు. సొరంగం బలం కూడా పోయి ఉంటే, ఎపాక్సీ అనే ప్లాస్టిక్ జిగురు లాంటి పల్చటి పూత చాలదు. మట్టి బరువు మోయగలిగే మందంలో మోర్టార్, అంటే ఇసుక కలిపిన సిమెంటు లాంటి ముద్ద, కొట్టాలి. ఎంత మందమనేది ఇంజనీరు లెక్క తేల్చాలి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. మామూలు సిమెంటు మోర్టారే కొడితే యాసిడ్ దాన్నీ తింటుంది. అందుకే యాసిడ్‌ను ఇంకా బాగా తట్టుకునే కాల్షియం అల్యూమినేట్ సిమెంటు, జియోపాలిమర్ లాంటి ప్రత్యేక రకాలు వాడతారు. చిన్న పైపుల్లో గిర్రున తిరిగే యంత్రం తల మోర్టార్‌ను గోడకు విసురుతుంది, పెద్ద సొరంగాల్లో మనిషే గొట్టం పట్టుకుని కొడతాడు. ఆరాక సుత్తితో తట్టి బోలు శబ్దం వస్తుందేమో వింటారు, అక్కడక్కడా లాగి చూసి అతుకు బలం కొలుస్తారు. అన్నట్టు, సిమెంటును గాలి ఒత్తిడితో కొట్టే యంత్రాన్ని 1907లో షికాగోలో తయారు చేసిన కార్ల్ ఏక్లీ ఇంజనీరు కాదు, మ్యూజియంలో చచ్చిన జంతువుల చర్మాలకు రూపం పోసే మనిషి. దాని మీద వేరే వీడియో చేస్తా.

చివరగా గ్యాస్. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ కంపే తెలియదు. వాసన లేదు కదా అని మ్యాన్‌హోల్‌లోకి దిగకండి, ఎవరినీ దించకండి. బాబాయ్, నీకూ చెబుతున్నా.