జనరేటర్ కొనే ముందు మోటారు మీది రేకు చదవండి

నమస్కారం. ఈరోజు ఇంటికి జనరేటర్ ఎలా ఎంచుకోవాలి, ఎలా పెట్టించుకోవాలి అన్నది మాట్లాడుకుందాం. ముందు నా పరువు పోయిన సంగతి చెప్తాను.

నేను మొదట కొన్నది 2 కేవీఏ మిషన్. కేవీఏ అంటే జనరేటర్ సామర్థ్యాన్ని చెప్పే కొలత. కరెంటు పోయిన మొదటి రోజే దర్జాగా స్టార్ట్ చేశాను. లైట్లు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి. ఇక నీళ్ళ మోటారు స్విచ్ వేశానో లేదో, ఎవరో గొంతు నొక్కినట్టు ఇంజిను మూలిగింది. లైట్లు మసకబారాయి. మోటారు తిరగలేదు, 'మ్మ్‌మ్' అంటూ గింజుకుంది. ఆఖరికి మిషన్ మీదున్న బ్రేకర్ పడిపోయింది. అమ్మినాయన "లైట్లు, ఫ్యాన్లు, ఒక మోటారు, అంతేగా సార్, బ్రహ్మాండంగా సరిపోతుంది" అన్నాడు. నేనూ లెక్క వేసుకోకుండా తలూపాను.

ఇదిగో, ఆ మోటారు మీద అతికించిన రేకు. దగ్గరగా చూపిస్తాను. 1 హెచ్‌పీ అని ఉంది కదా. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. 2 కేవీఏ ముందు ఇదెంత అనుకున్నాను. కానీ 746 అన్నది మోటారు బయటికి ఇచ్చే శక్తి. అది లోపలికి లాక్కునేది మామూలుగా వెయ్యి వాట్లు దాటుతుంది. ఇది చిన్న పొరపాటే. పెద్దది వేరే ఉంది. ఆగి ఉన్న మోటారు కదలాలంటే, నడిచేటప్పుడు తీసుకునే కరెంటుకి 5 నుంచి 7 రెట్లు ఒక్కసారిగా లాగుతుంది. తర్వాత, వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టి చూశాను. నడిచేటప్పుడు 6 ఆంపియర్లు, స్విచ్ వేసిన ఆ క్షణంలో 31. బయటి నుంచి వచ్చే లైనుకి ఇదొక లెక్కే కాదు. చిన్న జనరేటర్‌కి మాత్రం మోయలేని మూట.

అందుకే లెక్క ఇలా వేయండి. ఒకేసారి నడవాల్సిన వాటన్నిటి వాట్లూ కూడండి. అందులో పెద్ద మోటారు ఏదో చూసి, దానికి మాత్రం నడిచే లోడుకి కనీసం మూడు రెట్లు పట్టండి. ఆ క్షణంలో వోల్టేజీ కాస్త తగ్గినా మోటారు లేచేస్తుంది కాబట్టి పూర్తిగా ఆరేడు రెట్లు అక్కర్లేదు. ఫ్రిజ్, ఏసీ కూడా మోటారు బాపతే, కంప్రెసర్ ఉంటుంది. ఇన్వర్టర్ రకం ఏసీ అయితే మెల్లగా వేగం అందుకుంటుంది, దానితో అంత టెన్షన్ లేదు.

ఇంకొకటి. కేవీఏ, కిలోవాట్ ఒకటి కాదు. చాలా జనరేటర్లకి కేవీఏని 0.8 తో గుణిస్తే కిలోవాట్లు వస్తాయి. అంటే 5 కేవీఏ మిషన్ మీద 4 కిలోవాట్ల లోడే పెట్టాలి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది గరిష్ఠ సామర్థ్యం, అది కాసేపే ఇస్తుంది. గంటల తరబడి ఇచ్చేది 'రేటెడ్' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. నమ్మాల్సింది ఆ చిన్న అక్షరాలనే.

అలాగని ఏనుగంత మిషన్ తెచ్చి దానిమీద నాలుగు బల్బులు వెలిగించినా తప్పే. ముఖ్యంగా డీజిల్ ఇంజిను 30 శాతం కన్నా తక్కువ లోడుతో గంటలు గంటలు నడిస్తే సరిగ్గా వేడెక్కదు, కాలని ఇంధనం మసిగా, జిడ్డుగా సైలెన్సర్‌లో పేరుకుంటుంది.

సరే, మిషన్ వచ్చింది. ఎక్కడ పెడతారు? వానకి తడుస్తుందనీ, దొంగలు ఎత్తుకుపోతారనీ చాలామంది వరండాలోనో, కారు షెడ్డులోనో పెడతారు. షట్టరు సగం ఎత్తి ఉంచాం కదా అంటారు. వద్దండీ, బతిమాలి చెప్తున్నాను. పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు. నిద్రలో ఉన్నవాళ్ళకి అవి కూడా తెలియవు. ఇంటి బయట, తలుపులకీ కిటికీలకీ కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ గొట్టం ఇంటికి ఎదురుగా కాకుండా అటువైపు తిప్పి పెట్టండి. పైన చిన్న రేకుల పందిరి చాలు, చుట్టూ గోడలు వద్దు. పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పెట్టండి. దూరం పెడితే చప్పుడు కూడా తగ్గుతుందనుకోండి. దూరం రెట్టింపైతే ఆరుబయట సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది.

ఇప్పుడు వైరింగ్. ఇక్కడ నాకు నిజంగా కోపం వస్తుంది. రెండు చివరలా మగ ప్లగ్గు ఉన్న వైరు తయారు చేసుకుని, జనరేటర్ నుంచి తెచ్చి గోడ సాకెట్‌లో గుచ్చేవాళ్ళని చూశాను. మెయిన్ ఆపడం మర్చిపోయారనుకోండి, ఆ కరెంటు ఇంటి నుంచి వీధి లైనులోకి వెళ్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ వెనక నుంచి వచ్చిన వోల్టేజీని కూడా పెంచేస్తుంది, వేల వోల్టులు చేసి పంపుతుంది. అక్కడ కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కిన మనిషి గతేమిటి? ఛేంజోవర్ స్విచ్ ఉన్నది ఇందుకే. ఒక పక్క లైను, ఇంకో పక్క జనరేటర్, మధ్యలో ఆఫ్. రెండూ ఒకేసారి కలిసే వీలే లేకుండా లోపల అమరిక ఉంటుంది. సింగిల్ ఫేజ్ ఇంటికి ఫేజుతో పాటు న్యూట్రల్‌ని కూడా మార్చే రెండు పోల్స్ స్విచ్ నాకు నచ్చుతుంది. దానంతట అదే స్టార్ట్ అయి మారిపోయే ఆటోమేటిక్ ప్యానెల్ బాగానే ఉంటుంది కానీ, ఇంట్లో మనిషి ఎప్పుడూ ఉంటే చేత్తో తిప్పేది చాలని నా అభిప్రాయం.

ఎర్తింగ్, న్యూట్రల్ సంగతి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. న్యూట్రల్ ఎర్త్‌కి కలవని జనరేటర్ మీద ఇంట్లోని ఆర్సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) ఉండీ లేనట్టే కావచ్చు. న్యూట్రల్ ఎర్త్‌కి కలిపారా అని ఆ ఒక్క ప్రశ్న ఆయన్ని అడగండి, జవాబు తడుముకుంటే ఇంకొకరిని పిలవండి.

పెట్రోలు మిషన్ అయితే, వాడనప్పుడు ఇంధనం కొళాయి కట్టేసి, కార్బొరేటర్‌లోది అయిపోయి ఇంజిను ఆగేదాకా నడపండి. నెలల తరబడి నిలవున్న పెట్రోలు జిగురు కడుతుంది. పెట్రోలు పోసేది మిషన్ ఆగి, చల్లారాకే.

ఇప్పుడు నా రెండో మిషన్, 5 కేవీఏ. ఛేంజోవర్ మధ్యలో ఉంది, ఇంట్లో బ్రేకర్లన్నీ కిందికి దించాను. స్టార్ట్ చేశాను, రెండు నిమిషాలు ఖాళీగా నడవనిచ్చాను. ఛేంజోవర్ ఇటు తిప్పుతున్నాను. మొదట మోటారు ఒక్కటే, ఎందుకంటే మిషన్ బలమంతా ఇంకా మిగిలే ఉంది. విన్నారా, ఒక్క క్షణం గొంతు తగ్గింది... మళ్ళీ అందుకుంది. నీళ్ళు వస్తున్నాయి. ఇప్పుడు ఫ్రిజ్. ఆఖర్న లైట్లు.