“ఆయ్, అలాగేనండి” అంటే బేరం కుదిరినట్టేనా?

శ్రోతలకు నమస్కారం.

గోదావరి డెల్టాలో ఏ ఊళ్ళోనైనా ఒక పెద్దాయనకి ఫోన్ చేసి ధర చెప్పండి. అవతల్నుంచి “ఆయ్, అలాగేనండి” అని వినిపిస్తుంది. తండ్రి చేతిలోంచి మిల్లో, నర్సరీయో, రొయ్యల కొనుగోలో ఈమధ్యే అందుకున్న కుర్రాడు ఆ మాట వినగానే సరుకు వచ్చేసినట్టే రాసుకుంటాడు. పెద్దాయన మాత్రం “నువ్వు చెప్పింది చెవిన పడింది” అని అన్నాడంతే. నిజంగా ఒప్పుకుంటే ఆయన ప్రశ్నలు మారిపోతాయి. “సంచులు ఎవరివి? బండి ఎప్పుడు పంపుతారు? కాటా ఎక్కడ?” అని అడుగుతాడు. “చూద్దాంలెండి” అన్నాడా, ఆ ధరకి ఇవ్వడన్నమాట. మొహం మీద కాదనడం ఈ ప్రాంతంలో మర్యాద అనిపించుకోదు. కాబట్టి పైన చెప్పిన మూడు ప్రశ్నల్లో ఒక్కటైనా వినపడేదాకా లారీ మాట్లాడుకోకండి.

పెద్దవాళ్ళ ఫోన్లలో మొదటి రెండు నిమిషాలూ కుశలప్రశ్నలకే సరిపోతాయి. వానలెలా ఉన్నాయి, కోతలు మొదలయ్యాయా, అమ్మాయి సంబంధం ఎంతవరకు వచ్చింది అంటూ. పాతికేళ్ళ యజమానికి ఇదంతా సోదిలా ఉంటుంది. అందులోనే సగం వ్యాపారం ఉందని చాలామంది గమనించరు. చేను పడిపోయిందంటే గింజ రంగు మారొచ్చు, మొలక రావచ్చు. ఇంట్లో పెళ్ళి దగ్గర పడిందంటే ఆ రైతుకి చేతిలో డబ్బు కావాలి, అరువు బేరం సాగదు. “రేటు పంపండి” అని రెండు మాటల మెసేజ్ పెట్టినవాడికి ధర తెలుస్తుంది, ఈ కబురు తెలియదు.

ఇక కొలతల సంగతి. ధాన్యం ధర అంటే మన పెద్దలకి బస్తా ధరే. బస్తా అంటే 75 కిలోలు. కుర్రాళ్ళు ఆన్‌లైన్ రేట్లు చూసి పెరిగారు కనక క్వింటాల్లో మాట్లాడతారు. 2024-25లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకి 2,300 రూపాయలు. బస్తా లెక్కన అది 1,725. ఒకాయన పదిహేడు వందల పాతిక అని, ఇంకొకాయన ఇరవై మూడు వందలని అరగంట గొంతు చించుకున్నా ఇద్దరూ చెబుతున్నది ఒకటే ధర. నోటి మాటైతే ఇది ఎలాగో బయటపడుతుంది. మెసేజ్‌లో వట్టి అంకె పంపితే బండి వచ్చేదాకా తెలియదు.

రొయ్యల్లో తంటా ఇంకా ఎక్కువ. భీమవరం వైపు ధర కౌంటు మీద నడుస్తుంది. కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్నది. 100 కౌంటు రొయ్య 10 గ్రాములు, 50 కౌంటు 20, 40 కౌంటు 25. కుర్ర కొనుగోలుదారు పొద్దున్నే రేట్ల పట్టిక ఫోటో తీసి వంద మందికి పంపుతాడు. గట్టు మీదున్న రైతు అందులో 40 కౌంటు ధర చూసి, అది తనకి ఇచ్చిన మాటే అనుకుంటాడు. శాంపిల్‌కి విసిరిన వలలో 40 వచ్చి, పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మే రోజు, కాటా మీద 43 వస్తే అప్పుడు మొదలవుతుంది గొడవ. ముందే తేల్చుకోవాల్సినవి మూడు: కౌంటు చెరువు గట్టున తీస్తారా, రొయ్యలు శుద్ధిచేసే ప్లాంటు దగ్గరా, ఒక్కో కౌంటు పెరిగితే ఎన్ని రూపాయలు తగ్గుతుంది, పట్టికలోని ధర ఎన్ని గంటల దాకా నిలబడుతుంది.

పట్టుబడి తేదీని పెద్దాయన “అమావాస్య వెళ్ళిన మూడో రోజు” అంటాడు. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ రొయ్య పెంకు విడుస్తుందని, మెత్తబడ్డ రొయ్యకి ధర కోస్తారని ఆయన లెక్క. కుర్రాడు క్యాలెండర్‌లో ఏదో తేదీ గుర్తు పెట్టుకుంటాడు. తిథీ తేదీ రెండూ రాసుకుంటే ఎవరికీ నష్టం లేదు.

వాయిస్ మెసేజ్‌లు పెద్దవాళ్ళకి వరంలా వచ్చాయి, టైపు బాధ తప్పింది. కానీ చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ల మోతలో “ఇరవై”, “అరవై” ఒక్కలాగే వినిపిస్తాయి. ధాన్యం తేమ దగ్గర “పదిహేను”, “పదిహేడు” కూడా అంతే, ఆ రెండు శాతంలోనే తరుగు ఉంటుంది. అంకె చెప్పాల్సి వస్తే విడదీసి పలకండి: “ఒకటి, ఏడు, పదిహేడు” అని. విన్నవాళ్ళు ఆ అంకెని తిరిగి టైపు చేసి పంపాలి. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే కుర్రాళ్ళకీ ఒక మాట. మీరు “పది” అని కొట్టింది అవతలాయన “పాడి” అనో “పడి” అనో చదువుకుంటాడు. సంఖ్యని అంకెల్లోనే వెయ్యండి.

కడియం నర్సరీల్లో తగాదాలు ఫోటోతో వస్తాయి. ఆరడుగుల మొక్క అని ఫోటో పెడతారు. ఆ ఆరడుగులూ మట్టి దగ్గర్నుంచా, మొక్క పెంచే మట్టి కవరు అడుగు నుంచా? పెద్ద కవరైతే అక్కడే అడుగు పైన తేడా. పాత తరం వ్యాపారి స్వయంగా వచ్చి వరసల మధ్య తిరిగి చూసుకునేవాడు, ఇప్పుడు పక్క రాష్ట్రం నుంచి ఫోన్లోనే కొంటున్నారు. మొక్క పక్కన మనిషినో కొలకర్రనో నిలబెట్టి తియ్యండి. కవరు సైజు, ఫోటో తీసిన తేదీ రాయండి. ముఖ్యంగా మొత్తం వరస కనపడాలి. ఒక మొక్క చూపించి 500 అమ్మితే, మిగతా 499 ఎలా ఉన్నాయన్నదే రేపటి తగాదా.

ఇంతకీ ఫోన్ మంచిదా, మెసేజ్ మంచిదా? బేరం గొంతుతోనే ఆడండి, పెద్దవాళ్ళతో మరీను. ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో ఒకే ఒక్క మెసేజ్ పంపండి. ఇలా ఉండొచ్చు: “నమస్కారం బాబాయి గారూ. ఇప్పుడు అనుకున్నదండి: ధాన్యం 200 బస్తాలు, బస్తా 75 కిలోలు నికరం. తేమ 17 శాతం లోపు. ధర బస్తాకి ఇంత. కాటా మీ కల్లంలో. సంచులు, లారీ కిరాయి మావి, హమాలీ మీది. డబ్బు పదో రోజుకి. ఏదైనా తేడా ఉంటే ఈ సాయంత్రం లోపు చెప్పండి.” ఆయన చదవలేకపోతే ఇంట్లో మనవరాలు చదివి వినిపిస్తుంది.

సరుకు తయారుచేసే చిన్న యూనిట్లకి ఈ రాతతో ఇంకో పని ఉంది. పీచు మిల్లు, నరసాపురం లేసు, ఆత్రేయపురం పూతరేకులు, ఇలాంటివన్నమాట. ఉద్యమ్ అనే కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థ సరుకు అమ్మితే, 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నప్పుడు కొన్నవాడు డబ్బు కట్టే గడువు 45 రోజులకి మించకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. ఆ పైన రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ. కొన్నవాడికి సరుకు నచ్చకపోతే అందిన 15 రోజుల్లోపు రాతలో అభ్యంతరం చెప్పాలి. ఫోన్లో ఎంత కేకలేసినా అది లెక్కలోకి రాదు. కొని అమ్మే వర్తకులకి మాత్రం రిజిస్ట్రేషన్ ఉన్నా ఈ వడ్డీ రక్షణ వర్తించదు.

మెసేజ్‌కి జవాబుగా పెట్టే పైకెత్తిన బొటనవేలి బొమ్మ (👍) గురించి కూడా చెప్పుకోవాలి. కుర్రాళ్ళకి అది “చూశాను”. కెనడాలో ఒక రైతు అవిసె గింజల ఒప్పందం ఫోటోకి ఆ బొమ్మ పెట్టి, ఒప్పందం అందిందనే తన ఉద్దేశమన్నాడు. సస్కాచెవాన్ కోర్టు 2023లో అది సంతకంతో సమానమేనని, సుమారు 82 వేల కెనడా డాలర్లు కట్టమంది. అది మన దేశపు తీర్పు కాదు గానీ, ధర ఉన్న మెసేజ్ కింద ఆ బొమ్మ పెట్టేముందు ఒక్క క్షణం ఆగండి. వ్యాపారపు చాట్లలో మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటుని కూడా తీసేయండి. 90 రోజులకి పెట్టుకున్నా పంట డబ్బు లెక్క తేలేలోపే మాయమైపోతుంది.

చివరిగా, ఎత్తని ఫోన్లు. ఆరింటికల్లా వరసగా మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయంటే పెద్దాయనకి తొందర పని ఉంది. దానికి “చెప్పండి” అని మెసేజ్ కొడితే చిన్నబుచ్చుకుంటాడు. వాట్సాప్ బిజినెస్‌లో దానంతటదే వెళ్ళే జవాబు ఇంగ్లీషులో పెట్టి ఊరుకోవడం ఇంకా ఘోరం. తెలుగులో రాయండి: “నమస్కారమండి. కాటా దగ్గర ఉన్నాం. పదకొండింటికి మేమే ఫోన్ చేస్తాం. బండి ఆగిపోయి ఉంటే గుమస్తా గారికి చెయ్యండి” అని, కింద ఆ నంబరు. రాశాక పదకొండింటికి చెయ్యాలి మరి. పది యాభై నుంచీ ఆయన ఫోన్ పక్కన పెట్టుకునే కూర్చుంటాడు.