రెండు పావు వాట్లు కలిస్తే అర వాట్ అవుతుందా?

[దృశ్యం: బ్రెడ్‌బోర్డు మీద సిరీస్‌లో రెండు రెసిస్టర్లు. కెమెరా బాగా దగ్గరికి వెళ్తుంది.]

ఇవి కరెంటును అడ్డుకునే రెసిస్టర్లు, ఆ అడ్డును ఓమ్‌లలో కొలుస్తారు. సిరీస్‌లో ఉన్నాయి, అంటే ఒకదాని వెనక ఒకటి. కుడివైపు ఉన్నదాన్ని చూడండి. నారింజ, తెలుపు, గోధుమ గీతలు ఉండాలి, అంటే 390 ఓమ్‌లు. కానీ తెల్ల గీత కూడా గోధుమ రంగుకు తిరిగింది, అంతగా కాగింది. ఎడమవైపున్న 100 ఓమ్‌ల రెసిస్టర్‌కు ఏమీ కాలేదు. రెండూ పావు వాట్‌వే, అంటే ఒక్కోటి తట్టుకునే హద్దు అంతే.

ఈ సర్క్యూట్ నేనే కట్టాను. పావు, పావు కలిపితే అర వాట్. 15 వోల్టులు ఇస్తే మొత్తం ఖర్చు అంతకంటే తక్కువే కదా అని రోజుల తరబడి ఆన్‌లో వదిలేశాను. తప్పంతా ఆ కూడికలోనే ఉంది.

[స్క్రీన్ మీద: వాట్లు = కరెంటు × కరెంటు × ఓమ్‌లు]

లెక్క సులువుగా ఉండటానికి 390ని 400 అనుకుందాం. సిరీస్‌లో రెండింటిలోనూ ఒకే కరెంటు పారుతుంది: 15ని 500తో భాగిస్తే 0.03 ఆంపియర్లు, అంటే 30 మిల్లీ ఆంపియర్లు. అప్పుడు 100 ఓమ్‌ల దానిలో పుట్టే వేడి 0.09 వాట్లు, 400 ఓమ్‌ల దానిలో 0.36. మొత్తం 0.45, అర వాట్ దాటలేదు. కానీ ఒకటి తన 0.25 హద్దును ఎప్పుడో దాటేసింది. పక్కవాడి దగ్గర ఖాళీ ఉంటే దీనికేం లాభం? వేడి అటు పంచుకోవడం కుదరదు.

అందుకే సిరీస్‌లో వాట్లు కూడకండి. ఒక్కోటి ఎంత కరెంటు తట్టుకుంటుందో చూడండి. 100కి 50 మిల్లీ ఆంపియర్లు, 400కి 25. తక్కువదే హద్దు. 25 దగ్గర మొత్తం 0.3125 వాట్లు, అంతే.

[దృశ్యం: అవే రెండు, ఇప్పుడు ప్యారలల్‌లో]

ప్యారలల్ అంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి, రెండు చివర్లూ కలపడం. ఇక్కడ రెండింటికీ ఒకే వోల్టేజీ. 100 ఓమ్‌లది 5 వోల్టుల దగ్గరే నిండిపోతుంది, 400 ఓమ్‌లది 10 దాకా ఆగుతుంది. సిరీస్‌లో పెద్దది ముందు మాడితే, ప్యారలల్‌లో చిన్నది మాడుతుంది. 5 వోల్టుల దగ్గర మొత్తం ఎంతో తెలుసా? మళ్లీ 0.3125! ఈ లెక్క మొదటిసారి చేసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. రెండు చోట్లా ఒకటి పూర్తిగా నిండుతుంది, రెండోది తన హద్దులో నాలుగో వంతే వాడుకుంటుంది.

విలువలు, వాట్లు సమానమైతే మాత్రం కూడిక నిజంగానే పనిచేస్తుంది. 100 ఓమ్‌ల పావు వాట్ రెసిస్టర్లు నాలుగు తీసుకోండి. రెండేసి సిరీస్‌లో కట్టి, ఆ రెండు జతల్ని ప్యారలల్‌లో కలపండి. మళ్లీ 100 ఓమ్‌లే, కానీ 1 వాట్ తట్టుకుంటుంది.

ఇంకొక్క మాట. రెసిస్టర్ మీద చెప్పే వాట్లు మామూలుగా చుట్టూ గాలి 70 డిగ్రీల సెల్సియస్ దాటనంతవరకే. మూసిన డబ్బాలో పెడుతుంటే సగమే వాడుకోండి.

[దృశ్యం: మాడినదాన్ని తీసి, దాని చోట 1 వాట్ రెసిస్టర్ పెడుతున్న చేయి]

నా సర్క్యూట్‌లో మార్చింది ఈ ఒక్కటే. సిరీస్ హద్దు 25 నుంచి 50 మిల్లీ ఆంపియర్లకు పెరిగింది. ఇవే రెండూ ప్యారలల్‌లో ఉండుంటే, దీన్ని మార్చినా హద్దు 5 వోల్టుల దగ్గరే ఉండేది. అక్కడ మార్చాల్సింది ఆ 100 ఓమ్‌లదాన్ని.