పాత రూమ్ ఎలా ఖాళీ చేసిందో అడగమ్మా (ఫోన్-ఇన్)

యాంకర్: హలో, చెప్పమ్మా, లైన్‌లోనే ఉన్నావు, పక్కన రేడియో సౌండ్ కొంచెం తగ్గించు.

కాలర్: నమస్తే అక్కా. మాది హన్మకొండ, జాబ్ మాదాపూర్‌ల, మియాపూర్‌ల టూ బీహెచ్‌కే తీసుకొని ఉంటున్నం. ఉంటున్నం అంటే ఇప్పుడు నేనొక్కదాన్నే. నా రూమ్మేట్ పోయిన నెల చెప్పాపెట్టకుండ వెళ్ళిపోయింది అక్కా. రెంట్ 22 వేలు, మెయింటెనెన్స్ 2 వేలు, అగ్రిమెంట్ నా ఒక్కదాని పేరు మీదనే ఉన్నది, ఓనర్ అంకుల్ నన్నే అడుగుతడు కద. కరెంట్ బిల్లు కూడ నా మీదనే పడ్డది.

యాంకర్: బిల్లు ఎంతొచ్చింది?

కాలర్: రెండువేల ఐదొందలు అక్కా. ఏసీ ఆమె రూమ్‌లనే ఉండె, రాత్రంత నడిచేది. నా రూమ్‌ల ఫ్యానే.

యాంకర్: అయ్యో. ఇక్కడ చాలామందికి తెలీని సంగతి ఒకటుంది తల్లీ, నెలకి 200 యూనిట్లు దాటాయంటే స్లాబు మారిపోద్ది, దాటిన వాటికే కాదు మొదటి యూనిట్ నుంచీ రేటు పెరుగుద్ది, అంటే నువ్వేసుకున్న ఫ్యానుకి కూడా ఎక్కువే కట్టావన్నమాట. చెరి సగం అంటే వినడానికి న్యాయంగానే ఉంటది గానీ ఒక రూమ్‌లోనే ఏసీ ఉన్నప్పుడు అది న్యాయం కాదు. ఓనర్‌ని అడిగి ఆ రూమ్‌కి సబ్ మీటర్ పెట్టించు, మామూలు ఎలక్ట్రీషియనే పెడతాడు. సరే, ఇప్పుడు కొత్త మనిషిని చూస్తున్నావా?

కాలర్: ఆ అక్కా, ఇద్దరొచ్చి చూసి పోయిండ్రు. ఒకామె మస్తు కలుపుగోలు, వచ్చిన పది నిమిషాలకే వంటింట్లకొచ్చి చాయ్ పెట్టింది, నాకు బాగ నచ్చింది. ఇంకొకామె ఏం మాట్లాడలే, నీళ్ళు ఏ టైంకి వస్తయి, ట్యాంకర్ డబ్బులు ఎవరు కడతరు, గివే అడిగింది. మొదటామెకే ఇద్దామనుకుంటున్న, కాని మల్ల గట్లనే అయితదేమో అని భయం.

యాంకర్: నాకు జరిగింది చెప్తా విను. 2006లో ఎస్సార్ నగర్‌లో ముగ్గురం ఒక పోర్షన్‌లో ఉండేవాళ్ళం. ఒకావిడ పొద్దున్నే స్నానం, పూజ, అందరికీ టీ పెట్టిచ్చేది, బంగారం లాంటి మనిషి అనుకున్నాం, సంక్రాంతికి మేం ఊళ్ళకెళ్ళి వచ్చేసరికి ఆవిడ సామానూ లేదు మా గ్యాస్ బండా లేదు, పైగా మూడు నెలల అద్దె బాకీ. ఆ తర్వాత వచ్చినావిడ మనం పలకరిస్తే తప్ప పలికేది కాదు, ఈమెతో ఎలా వేగాలిరా దేవుడా అనుకున్నా. ఏడాదిన్నర ఉంది. పెళ్ళి కుదిరింది, నెల ముందే చెప్పింది, వెళ్ళే రోజు నేను ఆఫీసులో ఉన్నా. ఇంటికొచ్చి చూస్తే తన అరలన్నీ తుడిచి కొత్త పేపర్లు వేసి ఉన్నాయి, స్టవ్ గట్టు మీద పాలగిన్నె కింద పాత కరెంట్ బిల్లు, దాని వెనకాల ఆ రోజు మీటర్ రీడింగ్ రాసి, తన వాటా ఎంతయిందో లెక్కేసి, ఆ డబ్బులు చిల్లరతో సహా అందులోనే మడిచి పెట్టి వెళ్ళింది. ఆ కాగితం నాకిప్పటికీ కళ్ళ ముందే ఉంది. అందుకే ఎవరడిగినా నేను ఒకటే చెప్తా, మనిషి నీ ఇంటికి ఎలా వచ్చిందో కాదమ్మా, పాత ఇల్లు ఎలా ఖాళీ చేసిందో కనుక్కో.

కాలర్: గదెట్ల తెలుస్తది అక్కా?

యాంకర్: అడగాలి. ఎక్కడున్నావు, ఎందుకు మారుతున్నావు, అడ్వాన్స్ పూర్తిగా వెనక్కిచ్చారా, పాత రూమ్మేట్ నంబర్ ఇస్తావా, అంతే. గొడవపడి వచ్చానంటే వెంటనే వద్దనుకోకు, గొడవలు ఎవరికుండవు, తన తప్పు కూడా ఒక్క ముక్కయినా చెప్తుందా, మొత్తం అవతలివాళ్ళదే అంటుందా, అది విను.

కాలర్: గట్ల ఎంక్వైరీ చేస్తె ఫీల్ అయితదేమో అక్కా…

యాంకర్: ముందు నీ ఓనర్ నంబర్ నువ్వే ఇవ్వు, నా గురించి కనుక్కో అని. అప్పుడు ఎవరూ ఏమీ అనుకోరు. ఇంకోటి, ఎవరొచ్చినా అగ్రిమెంట్‌లో ఇద్దరి పేర్లూ ఉండాలి. మామూలుగా 11 నెలలకి రాస్తారు, పదకొండు నెలలే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. తన వాటా అడ్వాన్స్ నేరుగా ఓనర్ ఖాతాలోనే వెయ్యమను, చేతికి తీసుకోకు. నెల ముందు చెప్పాలి, లేదంటే ఆ నెల అద్దె కట్టాలి అని మీ ఇద్దరి మధ్య కూడా ఓ కాగితం రాసుకోండి. ఫ్రెండ్ అయినా సరే, చుట్టమైనా సరే.

కాలర్: అక్కా ఒక్కటి చెప్పాల్నా… ఆ మాట్లాడనామె ఇంటికి పోయినంక పాత ఓనర్ నంబర్ వాట్సాప్ చేసింది, నేను అడగనే లేదు. ఎందుకు పంపిందో అప్పుడు సమజ్ కాలే, జవాబు కూడ ఇయ్యలే.

యాంకర్: ఎన్ని రోజులైంది?

కాలర్: నాలుగు రోజులు.

యాంకర్: అయితే ఫోన్ పెట్టగానే ముందు ఆ అమ్మాయికి లేటయిందని మెసేజ్ పెట్టు, తర్వాత ఆ ఓనర్‌కి ఫోన్ చెయ్యి. మొదటామెని కూడా పాత రూమ్మేట్ నంబర్ అడుగు, చాయ్ బాగా పెట్టినంత మాత్రాన చెడ్డదని కాదు కదా. ఉంటానమ్మా. నెక్స్ట్ కాలర్, హలో?

కాలర్ 2: నమస్కారమండీ, నిజాంపేట నుంచి. నేను ఓనర్‌నండీ. బ్యాచిలర్స్‌కి ఇల్లివ్వరు అని మమ్మల్ని తిడతారు గానీ, నేనిచ్చేది ఇద్దరికండీ, ఆర్నెల్లు తిరిగేసరికి ఆ ఇద్దరూ ఉండరు, వేరే ముఖాలు కనిపిస్తాయి, బాబూ నువ్వెవరు అంటే ఫలానావాళ్ళ ఫ్రెండ్‌నండీ అంటారు. రాత్రిపూట ఏదన్నా అయితే ఎవరింటికి ఫోన్ చెయ్యాలండీ నేను?

యాంకర్: నిజమే సార్. మరి వాళ్ళొచ్చి చెప్తే ఒప్పుకుంటారా, అద్దె పెంచుతారని భయపడే కదా చెప్పరు?

కాలర్ 2: పెంచేవాళ్ళూ ఉన్నారు, కాదనను. నేనైతే ఆధార్ కాపీ, ఇంట్లోవాళ్ళ నంబరు ఇమ్మంటానండీ, అదే రేటు మీద పేరు మార్చి కొత్త అగ్రిమెంట్ రాయించుకుందాం అంటాను, ఓ పూట పని. ఇందాకటి ఆ అమ్మాయిని కూడా వాళ్ళ ఓనర్‌కి ముందే ఒక మాట చెప్పమనండి.