ఆటోనగర్ లేత్ షాపు నుంచి పరవాడ దాకా: ఫ్యాక్టరీ బీమా

శ్రోతలకు నమస్కారం.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మన వైజాగ్ మీద పడింది. వారం తర్వాత బీమా నష్టం లెక్కగట్టే సర్వేయర్‌గా నేను ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకి వెళ్లాను. పైకప్పు రేకులు ఎగిరి రోడ్డు అవతల పడ్డాయి. లేత్ మిషనుకి దసరా పూజకి వేసిన బంతిపూల దండ తడిసి ముద్దయి ఇంకా అలాగే ఉంది. దాని కింద మిషను బెడ్డు, అంటే అడుగు దిమ్మె మీద అప్పటికే ఎర్రగా తుప్పు.

అన్నీ చూసి ఇరవై లక్షల నష్టమని లెక్క వేశాను. యజమాని కాస్త తేలికపడ్డాడు. పాలసీ తిరగేసి, మీకొచ్చేది పన్నెండే అన్నాను.

"ఇరవై పోయిందని మీరే అన్నారు గదా సార్, పన్నెండేటి?"

ఆయన మిషన్ల విలువ కోటి. రాయించింది అరవై లక్షలకి. అంటే వంద రూపాయల సొత్తులో అరవై రూపాయలకే ప్రీమియం కట్టాడు. నష్టం ఎంతైనా అందులో అరవై వంతులే కంపెనీ ఇస్తుంది, మిగతా నలభై వంతులు ఆయనే భరించాలి. అరవై లక్షల లోపు నష్టమైతే పూర్తిగా ఇస్తారనుకున్నాడు పాపం. చాలామంది అలాగే అనుకుంటారు.

అసలు అరవై ఎందుకు రాయించావయ్యా అంటే, బ్యాంకు లోను అంతే గనక. పాలసీ చేయించింది బ్యాంకు వాళ్లు, కాయితం ఉన్నది బ్యాంకు ఫైల్లో. ఆయన దాన్ని ఒక్కసారి కూడా చదవలేదు. పైగా అలాంటి పాలసీలో క్లెయిమ్ డబ్బు ముందు బ్యాంకుకే వెళుతుంది.

2021 ఏప్రిల్ 1 నుంచి చిన్న యూనిట్లకి కొంత వెసులుబాటు వచ్చింది. ఒకచోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల వరకు ఉంటే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ, అది దాటి 50 కోట్ల వరకు భారత్ లఘు ఉద్యమ్ సురక్ష అనే పాలసీ. రాయించిన మొత్తం 15 శాతం వరకు తక్కువగా ఉన్నా వీటిలో కోత పెట్టరు. మన లేత్ షాపు లాగా నలభై శాతం తక్కువైతే మాత్రం కోత తప్పదు.

ఇంకో సంగతి. లేత్ షాపుకి ఉన్నలాంటి ఫైర్ పాలసీ ఉంది కదా అని అన్నీ అందులోనే వచ్చేస్తాయనుకోకూడదు. షార్ట్ సర్క్యూట్ అయి మోటారు కాలిపోయిందనుకోండి. దాని మంట పాకి పక్కనున్న సరుకు కాలితే ఆ సరుకుకి వస్తుంది, ఆ మోటారుకి మాత్రం రాదు. దానికి మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ వేరే ఉండాలి. బాయిలర్ పేలుడుకీ అంతే, విడిగా చూసుకోవాలి.

రొయ్యల ప్రాసెసింగ్ వాళ్ల భయం వేరు. మంట అక్కర్లేదు, కోల్డ్ స్టోరేజీ ఆగితే చాలు. హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేక ఊరంతా పడ్డ పాట్లు మీకు గుర్తుండే ఉంటాయి. గోడ బీటలు వారకుండానే లోపల సరుకు పాడైపోతుంది. దానికి స్టాకు పాడవడం మీద వేరే పాలసీ ఉంది. అందులోనూ మొదటి కొన్ని గంటలు లెక్కలోకి రావు. గది చలి ఎంతుందో పూటపూటా రాసిన రిజిస్టర్ లేకపోతే సర్వేయర్ ముందు మాట నిలవదు. క్లెయిమ్ అనగానే ఒకే సిరాతో ఒకే కూర్చోడంలో రాసేసిన రిజిస్టర్లు కూడా చూశాను లెండి. ఇట్టే తెలిసిపోతాయి.

పరవాడ ఫార్మా యూనిట్ల దగ్గరికొస్తే ప్రమాదం ప్రహరీ దగ్గర ఆగదు. 2020 మే 7 తెల్లవారుజామున మన వైజాగ్‌లోనే ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే రసాయనం ఆవిరి లీకైనప్పుడు నిద్రలో ఉన్నవాళ్ల మీదికే వచ్చింది. పన్నెండు మంది పోయారు. ఇలాంటి వాటి కోసమే, 1984 భోపాల్ దుర్ఘటన తర్వాత, 1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం తెచ్చారు. ప్రమాదకర రసాయనాలతో పనిచేసే ఫ్యాక్టరీ ఈ పాలసీ తీసుకుని తీరాలి. తప్పు ఎవరిదో రుజువు చేయకుండానే బయటివాళ్లకి తక్షణ సాయం అందాలన్నది దాని ఉద్దేశం. నా మటుకు నాకు, మిగతా పాలసీలన్నీ యజమాని సొంత వ్యవహారం. ఇది మాత్రం పక్క ఊరి వ్యవహారం.

చివరిగా, ఎక్కువమంది మర్చిపోయేది షట్టర్ మూసి ఉన్న రోజుల ఖర్చు. మిషను డబ్బు వచ్చేలోగా జీతాలు, వడ్డీ ఎక్కడి నుంచి తెస్తారు? లాస్ ఆఫ్ ప్రాఫిట్ పాలసీ దీనికే. మామూలుగా ఫైర్ పాలసీకి జోడించి తీసుకోవాలి, ఆ పాలసీలో క్లెయిమ్ నిలబడితేనే ఇదీ నిలబడుతుంది.

ఆటోనగర్ ఆయన షాపు ఇప్పుడూ నడుస్తోంది. ఏటా దసరాకి ముందు డీలర్‌కి ఫోన్ చేసి, తన మిషన్లు ఇప్పుడు కొత్తవి కొంటే ఎంతవుతాయో అడిగి ఒక నోటు పుస్తకంలో రాసుకుంటాడు. పూజ రోజున లేత్ మిషను పక్కనే ఆ పుస్తకం, పాలసీ కాయితం పెట్టి రెండిటికీ కుంకుమ బొట్టు పెడతాడు.

నమస్కారం.