స్కోరు బోర్డు మీద పేరు పడని మనుషులు: పిట్స్‌బర్గ్ పైరేట్స్ కథ

నమస్కారం అండి. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లకి పిట్స్‌బర్గ్ అనగానే ముందు గుర్తొచ్చేది పెన్ హిల్స్‌లోని వెంకటేశ్వర స్వామి గుడి. 1970లలో కట్టిన గుడి అది. గంటల తరబడి కారు నడుపుకుంటూ వెళ్లి, దర్శనం చేసుకుని, ప్రసాదం తిని తిరుగు ప్రయాణం కట్టేస్తారు. అదే ఊళ్లో, అలెఘేనీ నది ఒడ్డున, ఒక బేస్‌బాల్ మైదానం ఉంది. అక్కడ ఆడే జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్. నూట నలభై ఏళ్లు దాటిన జట్టు. ఈ వీడియోలో ఆట గురించి తక్కువ చెబుతాను, ఆ జట్టు వెనక ఉన్న మనుషుల గురించి ఎక్కువ చెబుతాను.

ముందు ఫిల్ కోయిన్ అనే ఆయన గురించి. ఆయన బ్యాట్ పట్టలేదు, బంతి విసరలేదు. టికెట్ చూసి, మీ సీటు ఇదిగో అని చూపించడం ఆయన పని. మన సినిమా హాళ్లలో టార్చిలైటు పట్టుకుని సీటు చూపించే మనిషి ఉండేవాడు చూడండి, ఆ పనే. 1936లో, పద్దెనిమిదేళ్ల వయసులో చేరాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి వెళ్లొచ్చి, మళ్లీ అదే పనిలోకి వచ్చాడు. జట్టు మైదానం మారింది, ఆయనా దానితో పాటే మారాడు. ఇంకోసారి మారింది, అక్కడికీ వెళ్లాడు. 2018లో మానేసేనాటికి ఆయన వయసు 99. ఎన్నో వేలమందికి మొదటి మ్యాచ్‌లో సీటు చూపించిన చెయ్యి అది. వాళ్లు పెద్దవాళ్లై పిల్లల్ని తీసుకొస్తే, ఆ పిల్లలకీ ఆయనే చూపించాడు. 2021లో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఈ జట్టు గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు నన్ను ముందు ఆపేసింది ఈ మనిషే.

ఇక పేరు సంగతి. పైరేట్స్ అంటే సముద్రపు దొంగలు. 1890లో కొందరు ఆటగాళ్లు యజమానుల మీద తిరగబడి సొంతంగా ఒక లీగ్ పెట్టుకున్నారు. అది ఒక్క ఏడాదికే మూతపడింది. అందరూ పాత జట్లకి తిరిగి వెళ్లాలి. ఫిలడెల్ఫియా జట్టు మాత్రం లూ బియర్‌బావర్ అనే ఆటగాడి పేరు తమ జాబితాలో రాయడం మర్చిపోయింది. పిట్స్‌బర్గ్ వాళ్లు చలికాలంలో మంచు గడ్డకట్టిన నీళ్లు దాటి వెళ్లి మరీ అతనితో సంతకం చేయించుకున్నారని చెబుతారు. ఇది సముద్రపు దొంగతనం అని అవతలివాళ్లు గోల పెట్టారు. వీళ్లు ఆ తిట్టునే పేరుగా పెట్టేసుకున్నారు.

జట్టుకి నిజమైన పునాది వేసింది బార్నీ డ్రైఫస్. జర్మనీలో పుట్టిన యూదుడు, కుర్రవాడిగా ఉన్నప్పుడే అమెరికా వచ్చి, కెంటకీలో ఒక సారా తయారీ కంపెనీలో లెక్కలు రాసేవాడు. తర్వాత లూయీవిల్ జట్టుకి యజమాని అయ్యాడు. 1899 తర్వాత లీగ్‌లో జట్లు తగ్గించినప్పుడు, తన మంచి ఆటగాళ్లందరినీ వెంటబెట్టుకుని పిట్స్‌బర్గ్‌కి వచ్చాడు. అందులో ఒకడు హోనస్ వాగ్నర్. ఆ చుట్టుపక్కల ఊరివాడే, బొగ్గుగని కార్మికుడి కొడుకు. చిన్నతనంలో తనూ గనిలో పనిచేశాడు. తర్వాత ఎనిమిదిసార్లు బ్యాటింగ్‌లో లీగ్‌కే మొదటివాడయ్యాడు.

1903లో రెండు లీగ్‌ల విజేతలు తలపడితే బాగుంటుందని బోస్టన్ యజమానితో మాట్లాడి ఒప్పందం చేసుకున్నది డ్రైఫసే. ఈనాటి వరల్డ్ సిరీస్ అలా మొదలైంది. పిట్స్‌బర్గ్ ఆ సిరీస్ ఓడిపోయింది, ఐదు మూడు తేడాతో. అప్పుడు డ్రైఫస్ ఏం చేశాడో వినండి. గేట్ కలెక్షన్‌లో యజమానిగా తనకి రావాల్సిన వాటాని కూడా ఆటగాళ్లకే ఇచ్చేశాడు. దాంతో ఓడినవాళ్లకి మనిషికి 1,316 డాలర్లు వచ్చాయి, గెలిచిన బోస్టన్ వాళ్లకి 1,182. ఓడిపోయిన జట్టుకి ఎక్కువ డబ్బు! 1909లో ఆయన ఫోర్బ్స్ ఫీల్డ్ అనే మైదానం కట్టించాడు. ఉక్కు, కాంక్రీటుతో కట్టిన తొలి మైదానాల్లో అదొకటి. ఊరికి దూరంగా కడుతున్నాడు, ఎవరొస్తారు అని జనం ఎగతాళి చేశారు. ఆ ఏడాదే జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ మైదానంలో 1970 దాకా ఆడారు.

నేను మైకు ముందు కూర్చుని మాట్లాడేవాణ్ని కాబట్టి, అక్కడ జరిగిన ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. 1921 ఆగస్టు 5. వెస్టింగ్‌హౌస్ కంపెనీలో పనిచేసే హెరాల్డ్ ఆర్లిన్ అనే కుర్రాడు ఒక టెలిఫోన్‌ని మైకులా మార్చుకుని, ప్రేక్షకుల మధ్య సీట్లో కూర్చుని మ్యాచ్ చెప్పాడు. పెద్ద లీగ్ బేస్‌బాల్ మ్యాచ్ రేడియోలో రావడం అదే మొదటిసారి. ఎలా చెప్పాలో నేర్పడానికి అతనికి ముందు ఎవరూ లేరు. పైరేట్స్ 8-5తో గెలిచారు.

ఇప్పుడు మనసుకి కష్టంగా ఉండే భాగం. అదే ఫోర్బ్స్ ఫీల్డ్‌లో పైరేట్స్ లేని రోజుల్లో హోమ్‌స్టెడ్ గ్రేస్ అనే నల్లజాతి జట్టు అద్దెకి తీసుకుని ఆడేది. అందులో జోష్ గిబ్సన్ ఉండేవాడు. ఆ కాలంలో అతని కన్నా బలంగా కొట్టేవాడు ఏ రంగులోనైనా ఉన్నాడా అంటే నేను లేడనే అంటాను. అతను పెరిగింది కూడా పిట్స్‌బర్గ్‌లోనే. కానీ అప్పట్లో నల్లజాతివాళ్లని పెద్ద లీగ్‌లో ఆడనిచ్చేవాళ్లు కాదు. మైదానం ఒకటే, ఊరు ఒకటే, గేటు మాత్రం తెరుచుకోలేదు. 1947 జనవరిలో, 35 ఏళ్లకే చనిపోయాడు. మూడు నెలల తర్వాత బ్రూక్లిన్ జట్టులో జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాడు ఆ గేటు దాటాడు. గిబ్సన్‌ని తీసుకోకపోవడం పైరేట్స్ యజమానుల పెద్ద తప్పు. నల్లజాతి లీగ్‌ల గణాంకాలని కూడా 2024లో పెద్ద లీగ్ రికార్డుల్లో కలిపినప్పుడు, జీవితకాలపు బ్యాటింగ్ సగటులో గిబ్సన్ పేరు అందరి కన్నా పైకి వచ్చింది.

రాబిన్సన్‌ని బ్రూక్లిన్‌కి తెచ్చిన బ్రాంచ్ రికీ 1950 చివర్లో పిట్స్‌బర్గ్‌కి జనరల్ మేనేజర్‌గా వచ్చాడు. జట్టు అప్పుడు అట్టడుగున ఉంది. ఆయన దగ్గర క్లైడ్ సుకెఫోర్త్ అనే స్కౌట్ ఉండేవాడు. ఊరూరా తిరిగి కుర్రాళ్లలో ఆటగాడు ఎవరున్నాడో వెతకడమే స్కౌట్ పని. 1945లో రాబిన్సన్‌ని రికీ దగ్గరికి తీసుకొచ్చిన మనిషి కూడా ఇతనే. 1954లో సుకెఫోర్త్‌ని బ్రూక్లిన్ వాళ్ల చిన్న జట్టు మాంట్రియల్‌లోని ఒక పిచ్చర్‌ని, అంటే బంతి విసిరేవాణ్ని, చూసి రమ్మని పంపారు. మ్యాచ్‌కి ముందు ప్రాక్టీసులో ఒక కుర్రాడు దూరం నుంచి బంతి విసురుతున్నాడు. ఆ విసురు చూశాక సుకెఫోర్త్‌కి వచ్చిన పని ముఖ్యం కాకుండా పోయింది. ఆ కుర్రాడు రొబెర్తో క్లెమెంటే. ప్యూర్టో రీకోలో చెరకు తోటల మేస్త్రీ కొడుకు. బ్రూక్లిన్ వాళ్లు అతనికి ఇచ్చిన బోనస్ లీగ్ నియమంలోని హద్దు దాటింది కాబట్టి, అతన్ని పెద్ద జట్టులో ఉంచుకోకపోతే వేరేవాళ్లు తీసుకోవచ్చు. చివరి స్థానంలో ఉన్న జట్టుకి ముందు ఎంచుకునే హక్కు. పిట్స్‌బర్గ్ 4,000 డాలర్లు కట్టి తీసుకుంది.

ఆ తర్వాత పద్దెనిమిది సీజన్లు అతను ఆ జట్టుకే ఆడాడు. నల్లవాడు, పైగా స్పానిష్ మాట్లాడేవాడు. ఫ్లోరిడాలో శిక్షణకి వెళ్తే తెల్ల ఆటగాళ్లు హోటల్లో భోంచేసేవాళ్లు, ఇతనిలాంటివాళ్లు బస్సులోనే ఉండాల్సి వచ్చేది. రొబెర్తో అనే పేరుని బాబ్ అని మార్చి రాసేవాళ్లు. అతనికి అది అస్సలు నచ్చేది కాదు. 1971లో వరల్డ్ సిరీస్ గెలిచి, ఉత్తమ ఆటగాడై, టీవీ మైకు ముందుకి వచ్చినప్పుడు అతను మొదట స్పానిష్‌లోనే మాట్లాడాడు. ఇంటి దగ్గర చూస్తున్న అమ్మానాన్నల ఆశీర్వాదం అడిగాడు. ఆ వీడియో చూస్తే నాకు గొంతు పట్టేస్తుంది.

అదే ఏడాది సెప్టెంబర్ 1న మేనేజర్ డానీ మర్టా మైదానంలోకి దింపిన తొమ్మిదిమందీ నల్లజాతివాళ్లో లాటిన్ అమెరికా వాళ్లో. పెద్ద లీగ్‌లో అలా జరగడం అదే మొదటిసారి. ఆట మొదలైన కాసేపటికి గానీ ఆ సంగతి ఆటగాళ్లే గమనించలేదు. బాగా ఆడే తొమ్మిదిమందిని పెట్టానన్నదే మర్టా మాట.

1972 సెప్టెంబర్ 30న క్లెమెంటే తన 3,000వ హిట్ కొట్టాడు. సీజన్లో అదే అతని ఆఖరి హిట్. డిసెంబర్‌లో నికరాగువా రాజధానిలో భూకంపం వచ్చింది. అతను పంపిన సాయం సరుకులు సైనికులు మింగేస్తున్నారని తెలిసి, నేనే వెళ్తే ఆపలేరు అనుకుని డిసెంబర్ 31 రాత్రి విమానం ఎక్కాడు. మితిమీరిన బరువుతో ఎగిరిన పాత విమానం, లేచిన కాసేపటికే సముద్రంలో కూలింది. అతని శరీరం దొరకలేదు. జట్టులో క్యాచర్ మానీ సాంగియెన్ సంస్మరణ ప్రార్థనకి కూడా వెళ్లలేదు. స్నేహితుడి కోసం గజ ఈతగాళ్లతో కలిసి ఆ సముద్రంలో వెతుకుతూ ఉండిపోయాడు.

ఈ జట్టుతో భారతదేశానికీ ఒక ముడి ఉంది. 2008లో ఉత్తరప్రదేశ్ నుంచి రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు జావెలిన్ కుర్రాళ్లు, ఒక టీవీ పోటీలో మెరిసి, పైరేట్స్‌తో సంతకం చేశారు. పెద్ద జట్టు దాకా వెళ్లలేదు గానీ, అమెరికా బేస్‌బాల్‌లో వృత్తి ఒప్పందం పొందిన తొలి భారతీయులు వాళ్లే.

ఆఖరుగా 1960కి వెళ్దాం. న్యూయార్క్ యాంకీస్‌తో వరల్డ్ సిరీస్, ఏడో మ్యాచ్, అక్టోబర్ 13. జట్టులో వాటా ఉన్న గాయకుడు బింగ్ క్రాస్బీ టెన్షన్ తట్టుకోలేక ప్యారిస్ వెళ్లిపోయాడు. తర్వాత చూసుకోవచ్చని టీవీ ప్రసారాన్ని ఫిల్ములో పట్టి ఉంచమన్నాడు. స్కోరు 9-9. చివరి ఇన్నింగ్స్. బిల్ మజెరోస్కీ కొట్టిన బంతి గోడ దాటింది. మన భాషలో చెప్పాలంటే, వరల్డ్ కప్ ఫైనల్‌ని సిక్స్‌తో ముగించినట్టు. ఆ మ్యాచ్ పూర్తి ఫిల్ము ఎక్కడా లేదనే అందరూ అనుకున్నారు. 2009లో క్రాస్బీ ఇంట్లో, వైన్ దాచే గదిలో, ఆ రీళ్లు బయటపడ్డాయి.

ఫోర్బ్స్ ఫీల్డ్ ఇప్పుడు లేదు. బయటి గోడ కొంత మిగిలింది. 1985లో ఒక అభిమాని అక్టోబర్ 13న ఒక్కడే ఆ గోడ దగ్గర కూర్చుని, పాత రేడియో ప్రసారం టేపు పెట్టుకుని విన్నాడు. తర్వాతి ఏళ్లలో జనం చేరారు. ఇప్పుడు ఏటా ఆ రోజున కుర్చీలు తెచ్చుకుని, మనవల్ని వెంటబెట్టుకుని వస్తారు. స్కోరు అందరికీ తెలుసు. అయినా ఇన్నింగ్స్ ఇన్నింగ్స్‌కీ ఊపిరి బిగబడతారు. మధ్యాహ్నం మూడు గంటల 36 నిమిషాలకి, 1960లో ఏ క్షణంలో కొట్టాడో సరిగ్గా ఆ క్షణానికి, రేడియోలో బంతి గోడ దాటుతుంది. అందరూ లేచి అరుస్తారు.