ఇంకొక్క జానెడు

శ్రోతలకు నమస్కారం.

ఫ్యాను రెక్కలు తుడవాలంటే మనలో చాలామంది మంచం మీద స్టూలు వేసి ఎక్కుతాం. పరుపు కుంగుతుంటుంది, స్టూలు ఊగుతుంటుంది, కింద ఒకరు దాని కాళ్లు పట్టుకుని "జాగ్రత్త, జాగ్రత్త" అంటుంటారు. పాతకాలపు మిద్దెల్లోనూ, ఏటవాలు కప్పు వేసిన కొత్త ఇళ్లలోనూ పడకగది ఎత్తు 12, 14 అడుగులు కూడా ఉంటుంది. అక్కడ ఈ విద్య పనికిరాదు.

పోయిన సంక్రాంతికి మా పడకగది కప్పుకు నేనే రంగు వేశాను. కూలి మిగులుతుందన్న పిసినారితనం. మూలలో జానెడు మేర మిగిలిపోయింది. దిగి నిచ్చెన జరపడానికి బద్ధకించి చెయ్యి చాచాను. అందలేదు. ఇంకాస్త వంగాను. నిచ్చెన అవతలి కాలు నేల వదిలింది. కిటికీ ఊచ చేతికి దొరకబట్టి ఈ రోజు మీతో మాట్లాడుతున్నాను.

అప్పటినుంచి ఒక కొలత పెట్టుకున్నాను. బొడ్డు ఎప్పుడూ నిచ్చెన రెండు నిలువు కమ్ముల మధ్యే ఉండాలి. అది పక్కకు దాటిందంటే దిగాల్సిందే. మడత నిచ్చెన అయితే పూర్తిగా విప్పి నిలబెట్టాలి, పై రెండు మెట్ల మీద నిలబడకూడదు. గోడకు ఆనించేదైతే ప్రతి 4 అడుగుల ఎత్తుకు అడుగు చొప్పున కింది కొసను ఎడంగా పెట్టాలి. రంగు చుక్కలు పడకుండా పరిచిన ప్లాస్టిక్ పట్టా మీద మాత్రం దాన్ని నిలబెట్టకండి. నున్నటి రాతి నేల మీద ఆ పట్టా ఇట్టే జారిపోతుంది.

అసలు నిచ్చెన ఎక్కే అవసరాన్నే సగానికి తగ్గించుకోవచ్చు. రోలరుకు పొడవాటి కర్ర బిగిస్తే కప్పులో ఎక్కువ భాగం నేల మీద నిలబడే వేయవచ్చు. అంచులకూ మూలలకూ మాత్రమే నిచ్చెన. రోలరు సరిగ్గా తల మీదకు రాకుండా కాస్త ముందుకు చాచి పట్టుకుంటే కళ్లూ మెడా రెండూ బతుకుతాయి. ఇటలీ చిత్రకారుడు మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాకా వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థనా మందిరం కప్పుకు, తల పైకెత్తి నిలబడే చిత్రాలు వేసి, ఆ మెడ బాధను పద్యంలోకి ఎక్కించాడు. మనకు పద్యం రాదు కనుక పది నిమిషాలకొకసారి చేతులు దించుదాం. సున్నం వేస్తుంటే కళ్లద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే నలపకుండా, ధారగా నీళ్లు పోస్తూ కనీసం పావుగంట కడిగి, వెంటనే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

మిద్దె దూలాలకు ఎప్పుడో వేసిన ఎనామిల్ రంగును పొడిగా గీకవద్దు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నియమం 2016లోనే వచ్చింది. అంతకు ముందరి పూతల్లో ఎంత సీసముందో కంటికి తెలియదు. తడిపి రుద్దాలి, పిల్లలను ఆ గదిలోకి రానివ్వకూడదు.

ఇక ఫ్యాను. గోడ మీది స్విచ్చి ఆపితే చాలదు, మెయిన్ ఆపాలి. నేను మెయిన్ ఆపి, స్విచ్చి మీద "వేయవద్దు" అని కాగితం కూడా అంటించాను. రెక్కల పక్కన తల పెట్టి పనిచేస్తుండగా మా అమ్మాయి ఫోను చూసుకుంటూ గదిలోకి వచ్చింది. చెయ్యి అలవాటుగా ఆ కాగితం మీదుగానే స్విచ్చి నొక్కింది. తలెత్తి చూసి, "కరెంటు పోయిందా నాన్నా?" అని అడిగింది.